మేస్త్రి గొంతు

మా ఊళ్లో సాంస్కృతిక భవనం పై అంతస్తులో ఒకప్పుడు చదరంగం ఆడుకునే గది ఉంది. ఆడేవాళ్లు తగ్గిపోయాక దాన్ని మాకిచ్చారు. శనివారం పొద్దున్న మేం నలుగురైదుగురం అక్కడ చేరతాం. పాత కంప్యూటర్లు తెచ్చినవాళ్లకి విండోస్ బదులు లినక్స్ ఎక్కించుకోవడం నేర్పుతాం, ఎక్కించుకున్నవాళ్లు ఫలానా ప్రోగ్రాం కావాలంటే ఎలా తెచ్చుకోవాలో చెబుతాం. జీతం లేదు. జీతమున్న మంచి పని నాకు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఒక గిడ్డంగికి కాపలా కాస్తున్నాను, దానికి తలకాయతో పనిలేదు. శనివారం ఆ ఒక్క పూటే తలకాయకి కాస్త మేత.

మాకక్కడ ఒక నియమం ఉంది. వచ్చినవాళ్ల కీబోర్డు మేం ముట్టుకోం. నోటితో చెబుతాం, వేలితో తెర మీద చూపిస్తాం, టైపు చేసేది మాత్రం మిషను ఎవరిదో వాళ్లే. చెయ్యి ఊరుకోదు కాబట్టి, సాయం చేసేవాడు కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చోవాలని నెనాద్ షరతు పెట్టాడు. పొరపాటున ముట్టుకుంటే ఆ పూట అందరి కప్పులూ వాడే కడగాలి. నెనాద్ తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరు చేస్తాడు, వాడికి అన్నీ ఆటే. నాకు మాత్రం అది ఆట కాదు. ఒకడి చేతిలో పని లాక్కుని చేసిపెడితే చూసేవాళ్లకి సాయంలాగే ఉంటుంది. ఆ పని మాత్రం వాడికి ఎప్పటికీ రాదు. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు.

అక్టోబరులో ఒక శనివారం విదోయె మేస్త్రి వచ్చాడు.

పంపుల ఫ్యాక్టరీలో లేత్ షాపుకి ఆయన ఫోర్‌మన్. నేను ట్రేడ్ స్కూలు మొదటి ఏడాదిలోనే మానేసి ఆయన చేతికింద చేరాను, ఫ్యాక్టరీ అమ్ముడుపోయి నన్ను బయటికి పంపేదాకా అక్కడే ఉన్నాను. కంప్యూటరుతో నడిచే కొత్త లేత్ వచ్చిన రోజు దాని మీద చెయ్యి వెయ్యబోతే, ఆయన నా భుజం పట్టి పక్కకి జరిపాడు. చదువు మానేసినవాడికి ఇదెందుకన్నాడు, షాపంతా వినేట్టు. డిప్లొమావాళ్లకి నేర్పించాడు. కొన్నవాళ్లు వచ్చాక పాత లేత్ తప్ప మరోటి రానివాళ్లని ముందు తీసేశారు. కంప్యూటరు నేను ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఒక్కణ్ణే నేర్చుకున్నాను, కసితో. కసితో నేర్చుకున్నది బాగా గుర్తుంటుంది.

ఆయన వెనకాలే భార్య దెసాంక. మాట్లాడింది ఆవిడే. మేస్త్రి మెడకి తెల్లగుడ్డ కట్టి ఉంది, దాని వెనక చిన్న రంధ్రం, ఊపిరి అక్కణ్ణించే. వసంతంలో క్యాన్సరని గొంతులో స్వరపేటిక తీసేశారట. తింటాడు, నడుస్తాడు, తోటపని చేస్తాడు, మాట మాత్రం లేదు. మెడకి ఆనించుకుంటే బుర్రుమంటూ మాట పలికించే పరికరం ఒకటి ఇచ్చారట గాని, ఒక్కసారి వాడి సొరుగులో పడేశాడు. చిన్నపిల్లలు రాసి చెరుపుకునే పలక ఒకటి చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఆవిడ బాధ మిత్రోవ్దాన్ పండగ గురించి. నవంబరు మొదట్లో ఆ రోజు వాళ్లింటి స్లావా. స్లావాకి, అంటే ఇంటిని కాచే సాధువు పండక్కి, మా దగ్గర ఎవర్నీ పిలవరు, తెలిసినవాడు తనంతట తనే వస్తాడు. ఇంటాయన ఆ రోజు కూర్చోకూడదు. గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాణ్ణీ నోరారా పలకరించి లోపలికి తీసుకెళ్లాలి. మేస్త్రి ఈ ఏడు తలుపు తియ్యనంటున్నాడు. నోరు లేనివాడు గుమ్మంలో నిలబడితే దిష్టిబొమ్మలా ఉంటుందని పలక మీద రాశాడట. వాళ్ల తాతలనాటి నుంచి తెరుస్తున్న తలుపు అది. ఒక్క ఏడు మూస్తే ఇక ఎప్పటికీ తియ్యడని, ఆయన సంగతి తనకి తెలుసని ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. కూతురు తను వాడటం మానేసిన లాప్‌టాప్ ఇచ్చింది, అల్లుడు అందులో లినక్స్ ఎక్కించాడు. రాసింది పైకి చదివే ప్రోగ్రాం ఉంటుంది, శనివారంవాళ్లని అడగండని పంపించాడు.

గదిలో ఖాళీగా ఉన్నది నేనే. నెనాద్ నాకేసి చూశాడు, మా సంగతి వాడికి తెలుసు. నేను కప్పు పట్టుకుని మేస్త్రి పక్కన కూర్చున్నాను.

తెర మీద ఒకే బొమ్మ వరసగా బోలెడుసార్లు ఉంది. పక్కింటివాళ్లు చెప్పారని ఇంటర్నెట్‌లో ఏదో మాట్లాడే ప్రోగ్రాం దింపుకున్నాడు, అదేమో విండోస్‌ది. నొక్కితే తెరుచుకోలేదు. మళ్లీ దింపాడు, మళ్లీ నొక్కాడు. కొత్తగా వచ్చినవాళ్లంతా చేసేదే ఇది. ఫ్యాక్టరీలో డ్రిల్లు కావాలంటే వీధిలోకి పోయి వెతుక్కున్నామా మేస్త్రీ అని అడిగాను. పనిముట్ల స్టోరు కిటికీ దగ్గరికి వెళ్లి పేరు చెప్పేవాళ్లం, మన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చేవాళ్లం, లోపలివాడు డ్రిల్లుతోపాటు దాన్ని బిగించే తాళం కూడా తెచ్చిచ్చేవాడు. ఇక్కడా అంతే. టెర్మినల్ అనే ఈ నల్లటి కిటికీ దగ్గర ప్రోగ్రాం పేరు చెబితే, దానికి కావలసిన సరంజామాతో సహా అదే తెచ్చి అమరుస్తుంది. మీ పాస్‌వర్డే బిళ్ల. నేను ముగించకముందే తల ఊపాడు.

టైపు మాత్రం ఒకే వేలితో. ఆ వేలికి చివరి కణుపు లేదు. నేను ఒక్కో అక్షరమే చెబుతున్నాను, ఆయన వెతుక్కుని కొడుతున్నాడు. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద ఏమీ పడదు కదా, ఆగి నావైపు చూశాడు. బిళ్ల మీద నంబరు వెనక నిలబడ్డవాడికి కనపడకూడదుగా అన్నాను. దెసాంక గోడ గడియారం చూసి, బస్సు దాటిపోతుంది, నువ్వే కొట్టెయ్యరాదా నాయనా అంది. ఇక్కడ మేం ముట్టుకోం పిన్నిగారూ అన్నాను. కప్పు చుట్టూ ఉన్న నా చేతుల్ని మేస్త్రి కాసేపు చూశాడు. నియమం కోసమే ఆగానా, ఆయన అలా తడుముకుంటుంటే చూడటం బాగుండి ఆగానా అంటే, రెంటినీ విడదీసి చెప్పడం కష్టం.

పాత లాప్‌టాప్, నిదానం. ప్రోగ్రాం దిగింది గాని, అమర్చుకుంటుండగా ఒకచోట, పని ఎంతైందో చూపే గీత ఆగిపోయింది. ఆగండి అని నేననేలోపే మేస్త్రి మూలనున్న పవర్ బటన్ అదిమి పట్టుకున్నాడు, తెర నల్లబడేదాకా. లేత్ మీద బతికినవాడెవడైనా అదే చేస్తాడు. తేడాగా అనిపిస్తే ముందు ఎర్ర బటన్, ఆలోచన తర్వాత. మాలో వేళ్లు మిగిలినవాళ్లకి అలాగే మిగిలాయి.

“తిహో, మీ ఫ్యాక్టరీవాళ్లకి ఆ బటన్ పీకేసి ఇవ్వాలిరా మిషన్లు,” అన్నాడు నెనాద్ నాతో.

మళ్లీ ఆన్ చేసి ఆ నల్ల కిటికీ దగ్గరికి వెళితే, సగంలో వదిలిన పని ముందు పూర్తి చెయ్యమని అడ్డం తిరిగింది. ఆ పూర్తి చేసే ఆదేశం కూడా అక్షరం అక్షరం చెప్పాను. ఇక్కడ గీత ఆగితే అది ఇరుక్కున్నట్టు కాదు, లోపలివాడు అరలు వెతుకుతున్నట్టు, చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చోవాలి అన్నాను. ఈసారి కూర్చున్నాడు. ప్రోగ్రాం అమరింది.

మొదటి మాట ఏం రాయాలో ఆయన ఇంటి దగ్గరే ఆలోచించుకుని వచ్చినట్టున్నాడు. తడుముకోకుండా కొట్టాడు. “రండి, రండి. లోపలికి దయచెయ్యండి,” అంది లాప్‌టాప్.

బస్‌స్టాండులో ఫలానా బస్సు ఆలస్యంగా నడుస్తోందని చెప్పే గొంతుంటుందే, అదీ. గదిలో మిగతావాళ్లు తలలెత్తారు. వేగం తగ్గించడం చూపించాను, గొంతు బరువు పెంచడం చూపించాను. తాగి నిద్రపోబోతున్న బస్‌స్టాండు అయింది. దెసాంకకి నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ చెయ్యి ఇక తియ్యలేదు. మేస్త్రి మూత మూసి, పలక మీద రాసి, నాకు కాదు, ఆవిడకి చూపించాడు: ‘నా గుమ్మంలో ఇది మాట్లాడదు.’

ఆయన ఇక రాడనుకున్నాను. పై శనివారం మేం తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఒక్కడే. నేను కాఫీ పోసుకునేదాకా ఆగాడు. పక్కన కుర్చీ లాక్కున్నాక పలక తిప్పాడు. ముందే రాసి తెచ్చుకున్నాడు. ‘నువ్వు నాలా చేసేవాడివి.’

చేసేవాణ్ణి. క్యాంటీన్లో చిక్కుడు సూపు గిన్నెలు ముందు పెట్టుకుని మా షాపువాళ్లు నన్ను అడిగేవాళ్లు, ఏదిరా, ఇవాళ మేస్త్రి ఏమన్నాడో చెప్పు అని. నేను మెడ ముందుకి చాచి, గొంతు కిందకి దించి, ఆయనలా అరిచేవాణ్ణి. బల్లలు కొట్టి నవ్వేవాళ్లు. అందులో సిగ్గుపడాల్సింది నాకేం కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు. ఆయనకి షాపు ఉంది, మాకు ఆ అరగంట ఉంది. అయితే ఆయనకి తెలుసని మాత్రం నాకు తెలీదు. తలుపు అవతల నిలబడి విన్నాడట. ఒకసారి కాదు.

పలక చెరిపి ఇంకోటి రాశాడు. ‘ఆ గొంతు కావాలి. రికార్డు చేసి ఇందులో పెట్టు.’

ఆయన గొంతు ఎక్కడా లేదు. పెళ్లి క్యాసెట్లున్నాయి గాని వాటిల్లో బ్యాండు మోత తప్ప మరోటి వినపడదట. ఆయన మాట్లాడుతుంటే ఫోనులో పట్టాలని ఎవరికి తోస్తుంది. ఇక మిగిలింది నా దగ్గరే. నాకు ఒళ్లు మండింది.

“పాతికేళ్లు ఒక్క కొత్త మిషనూ నన్ను ముట్టుకోనివ్వలేదు,” అన్నాను. “ఇప్పుడు నా నోరు కావాల్సొచ్చిందా మేస్త్రీ?”

నెనాద్ మాకేసి చూడకుండా కప్పులు సర్దడం మొదలెట్టాడు. మేస్త్రి పలక చెరిపాడు. సంజాయిషీ ఏదో వస్తుందనుకున్నాను, దాన్ని తిప్పికొట్టడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఒక్క మాటే రాశాడు. ‘అవును.’

పలక పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాడు. టెర్మినల్ తనే తీశాడు. ప్రోగ్రాం తెమ్మనే ఆదేశం, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అన్నంతవరకూ, నేనేమీ చెప్పకుండా, ఆ పొట్టి వేలితో ఒక్కో మీట కొట్టుకుంటూ వెళ్లి, ఆ తర్వాత ఖాళీ దగ్గర ఆగాడు. పేరు కోసం ఎదురుచూస్తున్నాడు. స్టోరు కిటికీ ముందు నిలబడ్డవాడిలా.

ఒక వారమంతా ఇంట్లో సాధన చేశాడన్నమాట, తనకి పనికిరాదని తేలిపోయిన ప్రోగ్రాంని తీసేస్తూ, మళ్లీ పెడుతూ. నేను అలాగే నేర్చుకున్నాను, ఎవరూ చూడనప్పుడు.

“ఆడాసిటీ,” అన్నాను. గొంతు రికార్డు చేసే ప్రోగ్రాం పేరది, అక్షరాలు చెప్పాను.

కొట్టాడు. బిళ్ల ఇచ్చాడు. గీత సగంలో ఆగింది. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒప్పుకున్నానని నేను అనలేదు. మైకు ఒకటి ఉంది, బుధవారం తెస్తానని మాత్రం అన్నాను.

బుధవారం వాళ్ల వంటింట్లో కూర్చున్నాం. ఆ ఇంటికి నేను వెళ్లడం అదే మొదలు. దెసాంక సింకు దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. రికార్డు చెయ్యడం, ఆపడం, అక్కర్లేని ముక్క కత్తిరించడం ఆయనకి నోటితోనే చెప్పి చేయించాను. ఎర్ర గుండ్రం నొక్కాడు. నేను మెడ చాచి, గొంతు దించి, క్యాంటీన్లో అరిచినట్టే అరిచాను, రండి, రండి, లోపలికి దయచెయ్యండి అని. మేస్త్రి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేకపోవడంతో అది నవ్వని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. దెసాంక నవ్వలేదు. కత్తి చేతిలో పట్టుకునే ఇటు తిరిగింది.

“ఎవరిది నాయనా ఆ గొంతు?”

మేస్త్రిదే అన్నాను.

“ఈయన ఏనాడూ అలా మాట్లాడలేదు. గదిలో ఉండి ఏదైనా అంటే, నేను పని ఆపి గుమ్మందాకా పోయి, ఏవన్నారూ అని మళ్లీ అడగాలి. అంత మెల్లిగా మాట్లాడేవాడు.”

నేను మేస్త్రి వంక చూశాను. పలక మీద రాశాడు. ‘అక్కడ మిషన్లు తిరుగుతుండేవి.’

అన్నేళ్లు ఆయన కింద పనిచేశాను గాని, మిషన్లు ఆగి ఉండగా ఆయన మాట్లాడటం నేను వినలేదు. నా దగ్గరున్నది షాపులో గొంతు. ఇంటి గుమ్మంలో గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలిసింది ఆవిడ ఒక్కదానికే, ఆవిడకేమో అనుకరించడం రాదు. అలా మొదలైంది. ఆవిడ చెబుతుంది, నేను అంటాను, ఆయన తల అడ్డంగా ఊపుతాడు. ‘రండి’ రెండుసార్లు అంటాడట, రెండోది మొదటిదానికంటే తక్కువగా, వచ్చినవాడి చేతిలో పెడుతున్నట్టు. మాట చివర మింగేస్తాడట. పరాయివాళ్లతో కొంచెం ఆగి మాట్లాడతాడు, పిల్లలతో ఆగడు. నా గొంతులోంచి అరుపు తీసేస్తూ పోయాను. తీసేకొద్దీ అడుగున ఏదో వేరేది మిగులుతోంది, అది ఎవరిదో నాకు గుర్తుపట్టడం రావడం లేదు. చిరాకేసింది. ఆయన్ని ద్వేషించడం నాకు అలవాటైన పని. ఈ మెత్తటి మనిషి ఎవడో నాకు తెలియదు, వీణ్ణి ఏం చేసుకోవాలో కూడా తెలియదు.

పొద్దు వాలాక మేస్త్రి పలక మీద ఒక పేరు రాసి నా ముందు పెట్టాడు. మైకు దగ్గరికి వంగి, మెల్లిగా, చివర మింగుతూ, “దెసా,” అన్నాను.

“ఆఁ, వస్తున్నా,” అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

చెక్కు తీసే చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆవిడ కుళాయి తిప్పి, కడిగిన దుంపలే మళ్లీ కడగడం మొదలెట్టింది. మేస్త్రి ఆ ముక్కని దాచుకునే మీట ఏదో నన్ను అడగలేదు, తనే వెతికి నొక్కాడు.

ఆ తర్వాత పని తేలికైంది. పండక్కి కావలసినవన్నీ ఒక్కొక్కటీ అన్నాను: కూర్చోండి, తీపి గోధుమ తీసుకోండి, ఇంకో చెంచా, ఆలస్యమైనా పరవాలేదు, పిల్లలు పూలు తెస్తే ‘మంచి పని చేశావు’, మనవలకి ‘లోపలికి రా’. ఒక్కో మాటని ఒక్కో మీటకి కట్టడం శనివారం నెనాద్ చూపించాడు. కప్పు వాడూ వదల్లేదు.

మిత్రోవ్దాన్ నాడు వెళ్లాలా వద్దా అని పొద్దున్నించీ తేలలేదు. పిలుపు లేని పండగ కాబట్టి, పిలవలేదన్న వంక కూడా లేదు. సాయంత్రం దాటుతుండగా కాఫీ పొట్లం, వైన్ సీసా పట్టుకుని వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. లోపల జనం, పొగ, పులిసిన క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం వాసన. మేస్త్రి కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పక్కన చెప్పుల అర మీద లాప్‌టాప్. నా ముందు వెళ్లిన ముసలాయనతో “రండి, రండి” అంది లాప్‌టాప్, రెండోది కాస్త తగ్గి. ముసలాయన మేస్త్రిని కావలించుకుని అక్కడే నిలబడిపోయాడు.

నా వంతు వచ్చింది. మేస్త్రి వేలు ఆ మీట మీదికి పోలేదు. వరసలో చిట్టచివర, మేం ఏమీ కట్టని మీట ఒకటి నొక్కాడు.

“ఆలస్యం... చేశావు. లోపలికి రా.”

ఆ మాట నేను రికార్డు చెయ్యలేదు. ఆలస్యమైనా పరవాలేదులోంచి ఒక ముక్క, పూలు తెచ్చిన పిల్లలకి అన్నదాంట్లోంచి ఒక ముక్క, మనవల దాంట్లోంచి ఒకటి తీసి, కూర్చుని అతికించాడు. అతుకు దగ్గర నా ఊపిరి చప్పుడు చిన్నగా మిగిలిపోయింది. నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

“అతుకు దగ్గర ఆ ఊపిరి ముక్క కత్తిరించాలి మేస్త్రీ,” అన్నాను.

తల ఊపాడు. ఆ సంగతి తనకీ తెలుసన్నట్టు.

లోపల దెసాంక, ప్రసాదంలా పెట్టే ఉడికించిన తీపి గోధుమ పళ్లెం పట్టుకొచ్చింది. శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా తిన్నాను. బల్ల దగ్గర మా షాపువాళ్లు సగంమంది ఉన్నారు. స్రెతెన్ అని, క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చునేవాడు, కళ్లు తుడుచుకుంటూ పక్కవాళ్లకి చెబుతున్నాడు, ఏ పాత టేపో దొరికి ఉంటుంది, అచ్చం ఆయనే, మిషన్లు లేకపోతే ఇలాగే ఉండేవాడని. పళ్ల సారా, రాకియా పోసి గ్లాసు నా ముందుకి తోశాడు.

“తిహో, నువ్వు మేస్త్రిలా చేసేవాడివి కదరా. ఒకసారి చెయ్యి, నవ్వుకుందాం.”

మర్చిపోయానన్నాను. నమ్మలేదు, మళ్లీ అడిగాడు. ఆ పూట ఆ ఇంట్లో నేను ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదనిపించింది, కాబట్టి తల అడ్డంగా ఊపాను. గుమ్మం వైపు నుంచి మళ్లీ “రండి, రండి” వినపడింది, ఎవరో కొత్తవాళ్లు వచ్చారు. నేను నోరు విప్పకుండా తింటూ కూర్చున్నాను.